జైలు గోడ, ఆసుపత్రి గేటు

సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి ఉన్న చోట ఒకప్పుడు జైలు ఉండేదన్న సంగతి పాత తరం వారికి తెలుసు. కొత్త తరంలో చాలామందికి తెలియదు. ముషీరాబాద్, భోయిగూడల నడుమ నేడు బహుళ అంతస్తుల వైద్యశాల, వైద్య కళాశాల నిలిచి ఉన్న స్థలంలో ముషీరాబాద్ సెంట్రల్ జైలు ఉండేది. మనుషులు బయటికి పోకుండా కట్టిన గోడలను కూల్చి, ఎవరు ఏ వేళకు వచ్చినా కాదనకూడని చోటును అక్కడ నిర్మించారు. ఒక నేల తన స్వభావాన్ని ఇంతగా మార్చుకోవడం అరుదైన సంగతి.

జైలు గోడకు పని ఒక్కటే. లోపలి వాడు లోపలే ఉండాలి. ఆ గోడ ఎంత ఎత్తుగా, ఎంత మందంగా ఉంటే అంత మంచిదని జైలు కట్టించేవారు అనుకుంటారు. ఆసుపత్రి ప్రహరీ సంగతి అలా కాదు. అది దొంగను ఆపాలి, అంబులెన్సును ఆపకూడదు. తాగి వచ్చి గొడవ చేసేవాడిని ఆపాలి, తాగి ప్రమాదంలో పడి రక్తమోడుతూ వచ్చినవాడిని ఆపకూడదు. పసిబిడ్డను ఎత్తుకుపోయే మనిషిని గుర్తుపట్టాలి, బిడ్డను చూడవచ్చిన అమ్మమ్మను అవమానించకూడదు. ఇన్ని తేడాలు గోడకు తెలియవు. అవన్నీ తెలియవలసింది గేటుకు, గేటు దగ్గర నిలబడిన మనిషికి.

సికింద్రాబాద్ చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇక్కడి వైద్యశాలల చుట్టూ ఎప్పుడు గోడ లేచినా దాని వెనుక ఆ కాలపు భయం ఒకటి ఉంది. నిజమైన ఆపద మాత్రం తరచుగా ఆ గోడ ఊహించని దారినే వచ్చింది.

జబ్బుకూ సరిహద్దుకూ మన జనం ముడిపెట్టడం ఆసుపత్రుల కంటే చాలా పాత సంగతి. ఊళ్లో మహమ్మారి తగిలితే పొలిమేర దేవతకు మొక్కి, సాక పోసి, జబ్బు మళ్లీ హద్దు దాటి రాకుండా చూడమని వేడుకునేవారు. ఊరి హద్దుకు పోతరాజు కావలి. సికింద్రాబాద్‌ను మన పెద్దలు లష్కర్ అని పిలిచేవారు. లష్కర్ అంటే సైన్యం, దండు. లష్కర్ బోనాల వెనుక ఉన్న కథ కూడా సైన్యానికీ అంటువ్యాధికీ సంబంధించినదే. 1813లో సైన్యంతో పాటు ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఉద్యోగి, అక్కడ కలరా ప్రబలడం చూసి, తన వాళ్లు బతికి బయటపడితే లష్కర్‌లో మహంకాళికి గుడి కడతానని మొక్కుకున్నాడని, తిరిగి వచ్చి మొక్కు తీర్చుకున్నాడని చెబుతారు. డోలీ అంటే ఆనాటి అంబులెన్సు. రోగిని భుజాన మోసుకుపోయిన మనిషే ఊరికి కావలి దేవతను తెచ్చాడన్నది ఈ కథలోని విశేషం. నేటి గాంధీ ఆసుపత్రిని ఆనుకుని ఉన్న భోయిగూడ పేరు కూడా పల్లకీలు, డోలీలు మోసిన బోయీలనే గుర్తుకు తెస్తుంది.

ఇక దండు వారి గోడల విషయానికి వద్దాం. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం తర్వాత బ్రిటిష్ పటాలాలు హుసేన్ సాగర్‌కు ఉత్తరాన విడిది చేశాయి. 1806లో ఆ విడిదికి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు వచ్చింది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి జరిగింది. దాడి విఫలమైనా దాని భయం మిగిలిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు తిరుమలగిరిలో, చుట్టూ కందకంతో, రాతి కట్టడంతో ఒక రక్షణ శిబిరం రూపుదిద్దుకుంది. తెల్ల సైనికుల బారకాసులు, వారి వైద్యశాల, విండ్సర్ కాజిల్ అని ముద్దుపేరు పొందిన సైనిక జైలు ఆ ప్రాంతంలోనే వెలిశాయి. ఇక్కడ కందకం తిరుగుబాటుదారుడి కోసం తవ్వినది. ఆసుపత్రి దాని నీడన తలదాచుకుంది.

అయితే సైనికులను చంపింది తిరుగుబాటుదారులా? భారతదేశంలోని సైన్యపు ఆరోగ్య పరిస్థితిపై 1859లో ఒక రాయల్ కమిషన్‌ను నియమించారు. 1863లో వెలువడిన దాని నివేదిక ప్రకారం ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది మరణించేవారు. అందులో అత్యధిక భాగం యుద్ధంలో పోయినవారు కాదు. విరేచనాలు, జ్వరాలు, కలరా, కాలేయ వ్యాధులు వారిని తీసుకుపోయాయి. ఆ కమిషన్ కోసం దేశంలోని సైనిక స్థావరాల నుంచి వచ్చిన జవాబులన్నీ చదివి, వ్యాఖ్య రాసినవారు ఫ్లారెన్స్ నైటింగేల్. ఇరుకు బారకాసులు, పారని మురుగు, కలుషితమైన నీరు, ఇవే అసలు శత్రువులని ఆమె తేల్చారు. ఆమె తిరుమలగిరి సైనిక ఆసుపత్రిలో పనిచేశారని సికింద్రాబాద్‌లో ఒక నమ్మకం ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. నైటింగేల్ ఏనాడూ భారతదేశంలో అడుగు పెట్టలేదు. లండన్‌లో కూర్చుని, కాగితాల మీది అంకెల నుంచే ఆమె ఈ సంగతి గ్రహించారు. కందకం దాటి శత్రువు రాలేదు. తాగునీటిలో వచ్చాడు.

గోడకు ఇంకొక ఉపయోగం కూడా ఆ రోజుల్లోనే కనిపెట్టారు. 1864 నాటి కంటోన్మెంట్ చట్టం, 1868 నాటి అంటురోగాల చట్టం కింద సైనిక స్థావరాల్లో లాక్ హాస్పిటళ్లు అనే ప్రత్యేక వైద్యశాలలు నడిచాయి. సైనికులకు సుఖవ్యాధులు సోకకుండా అన్న పేరుతో, అక్కడి వేశ్యావృత్తిలోని స్త్రీల పేర్లు నమోదు చేసి, బలవంతంగా పరీక్షలు జరిపి, జబ్బు ఉందంటే నయమయ్యే దాకా ఆ ఆసుపత్రిలో ఉంచేవారు. వ్యాధిని తెచ్చిన సైనికుడికి మాత్రం అటువంటి నిర్బంధం లేదు. ఇక్కడ రోగి, ఖైదీ ఒక్కరే అయ్యారు. ఇంగ్లండులో జోసఫిన్ బట్లర్ వంటి వారు నడిపిన ఉద్యమం ఫలితంగా 1888లో ఈ దేశంలోనూ ఆ చట్టం రద్దయింది. ఆసుపత్రి ద్వారం లోపలి నుంచి తెరుచుకోకపోతే అది ఆసుపత్రి కాదన్న ఎరుక అంత కష్టం మీద వచ్చింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1897 ఆగస్టు 20న, బేగంపేటలోని ఒక చిన్న సైనిక ఆసుపత్రిలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమలను కోసి చూసి ఆయన ఈ సంగతి కనిపెట్టాడు. కుట్టించుకున్న దోమకు ఒక అణా చొప్పున హుసేన్ ఖాన్‌కు ముట్టిందని రాస్ కథ చెప్పేవారు తప్పక చెబుతారు. అంతవరకు చెడుగాలి వల్ల మలేరియా వస్తుందని నమ్మేవారు. గాలి ఎటునుంచి వీస్తుందో చూసి బారకాసులు కట్టేవారు, ఎత్తయిన చోట్లు వెతికేవారు. రాస్ పరిశోధనతో ఆ లెక్కలన్నీ తారుమారయ్యాయి. శత్రువు రెక్కలున్న చిన్న ప్రాణి. అది పుట్టేది బయట కాదు, ఆవరణలోనే, కాపలావాడి గది వెనుక నిలిచిన నీటిలోనే. ప్రహరీ ఎంత ఎత్తు లేపినా దానికి అడ్డు కాదు. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రికి నేడు రాస్ పేరే ఉంది. 1915లో క్వారంటైన్ ఆసుపత్రిగా మొదలైన సంస్థ అది. వేరుచేసి ఉంచడానికి పుట్టిన వైద్యశాలకు, వేరుచేసే గోడల పరిమితిని చూపిన మనిషి పేరు పెట్టడం బాగుంది.

ఇప్పుడు గాంధీ ఆసుపత్రి కథ. దాని మూలాలు 1851లో సికింద్రాబాద్‌లో మొదలైన ఒక చిన్న వైద్యశాలలో ఉన్నాయి. తర్వాత అది కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి అయింది. స్వాతంత్ర్యం వచ్చాక గాంధీ ఆసుపత్రిగా మారింది. 1954లో పీపుల్స్ మెడికల్ కాలేజీగా హుమాయూన్ నగర్‌లో ప్రారంభమైన కళాశాలే తర్వాత గాంధీ వైద్య కళాశాలగా బషీర్‌బాగ్‌కు మారింది. విద్యార్థుల తరగతులు బషీర్‌బాగ్‌లో, రోగులు సికింద్రాబాద్‌లో. ఇలా చాలా ఏళ్లు గడిచాయి.

పాత ఆసుపత్రి సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు ఎదురుగా ఉండేది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చిన నాటి నుంచి ఆ ప్రాంతం జిల్లాల ప్రజలకు నగర ద్వారం. కాజీపేట వైపు నుంచో, బీదర్ వైపు నుంచో వచ్చినవాడు బండి దిగి, రోడ్డు దాటితే ఆసుపత్రి. చుట్టూ బస్సులు, లాడ్జీలు, హోటళ్లు, పండ్ల బండ్లు. పల్లె నుంచి వచ్చిన కుటుంబానికి దారి అడగవలసిన పని కూడా ఉండేది కాదు. స్థలం మాత్రం చాలలేదు. రోగులు పెరిగారు, విభాగాలు పెరిగాయి, భవనాలు పాతబడ్డాయి. కొత్త ఆవరణ అవసరమైంది.

ఆ ఆవరణ ముషీరాబాద్ జైలు స్థలంలో దొరికింది. ఆ జైలుకు ఆధునిక ఆంధ్రదేశ చరిత్రలో చెరగని స్థానం ఉంది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 డిసెంబర్ 1న, ఆదిలాబాద్ జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసింది ఆ గోడల మధ్యనే. వారి ఉరిశిక్షను రద్దు చేయమని దేశమంతటా ఎందరో విజ్ఞప్తి చేసినా ఫలితం లేకపోయింది. కాలక్రమంలో ఖైదీలను నగరం వెలుపల చర్లపల్లిలో కట్టిన కొత్త జైలుకు తరలించి, పాత జైలును పడగొట్టారు. 2003లో గాంధీ ఆసుపత్రి, కళాశాల ఒకే ఆవరణలోకి వచ్చాయి.

మారినది చిరునామా ఒక్కటే కాదు. స్టేషన్ ముందరి ఆసుపత్రి బజారులో ఒక భాగం. ముషీరాబాద్‌ది ఆవరణ. ఆవరణ అంటే హద్దు, హద్దు అంటే గేట్లు. అంబులెన్సు ఏ దారిన రావాలి, శవం ఏ దారిన పోవాలి, విద్యార్థి ఎటు, సరుకుల లారీ ఎటు, ఆటో ఎంతవరకు రావచ్చు అన్న ప్రశ్నలన్నీ పుట్టాయి. ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రిలోనైనా ఇవే ప్రశ్నలు. వీటన్నిటికీ పైన అసలు ప్రశ్న ఒకటుంది. రోగి వెంట వచ్చినవాళ్లను ఏం చేయాలి?

మన ప్రభుత్వాసుపత్రి రోగి బంధువు లేకుండా నడవదు. స్ట్రెచర్ తోసేది అతడే. రక్తపు సీసా ప్రయోగశాలకు చేర్చేది, లేని మందు బయటి దుకాణం నుంచి తెచ్చేది, రాత్రి సెలైన్ అయిపోతే నర్సును పిలిచేది, రోగికి గంజి తాగించేది అతడే. ఆసుపత్రి జీతం ఇవ్వని ఉద్యోగి అన్నమాట. అయితే గేటు దగ్గర మాత్రం అతడు బయటివాడు. ఒక రోగికి ఒక్కరే అన్న నియమం, చీటీ చూపించమన్న గద్దింపు, సందర్శన వేళ కాదన్న మాట అతడికే ఎదురవుతాయి. ఆ నియమం తప్పని నేను అనడం లేదు. వార్డులో ఒక్కో మంచం చుట్టూ అయిదుగురు కూర్చుంటే అంటురోగం ఎలా పాకుతుందో ఏ నర్సునడిగినా చెబుతుంది. కానీ లోపల అతడి చేత పని చేయించుకుంటూ, గేటు దగ్గర అతడిని చొరబాటుదారుగా చూడడంలోనే చిక్కంతా ఉంది. 2022 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం నగరంలోని 18 ప్రభుత్వాసుపత్రుల వద్ద రోగి సహాయకులకు 5 రూపాయలకు భోజనం పెట్టే పథకం ప్రారంభించింది. ఆ మనుషులు అక్కడ ఉన్నారని, రోజుల తరబడి ఉంటారని, వారికీ ఆకలి వేస్తుందని ప్రభుత్వం అంగీకరించినట్లయింది.

కాపలా అక్కరలేదని ఎవరైనా అనగలరా? 2018 జులైలో కోఠీ సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రి నుంచి రోజుల పసిబిడ్డను ఒక స్త్రీ మాయమాటలు చెప్పి ఎత్తుకుపోయింది. పోలీసులు వెంటాడగా బిడ్డ బీదర్‌లో దొరికింది. ఆ తల్లి వైపు నుంచి ఆలోచిస్తే గేటు దగ్గర ఒక్క ప్రశ్న, ఒక్క చీటీ ఎంత విలువైనవో అర్థమవుతుంది. వైద్యుల వైపు నుంచి చూసినా అంతే. వైద్య సిబ్బంది మీద దాడులు పెరగడంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008లో ప్రత్యేక చట్టం తెచ్చింది. దాడి చేసినవారికి మూడేళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా, ధ్వంసం చేసిన ఆస్తికి రెట్టింపు పరిహారం అందులోని నిబంధనలు.

అయినా దాడులు ఆగలేదు. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. ఆ రోగికి చికిత్స జరిగింది గాంధీలోనే. కొద్ది రోజుల్లోనే ఆ ఆసుపత్రి మొత్తం కరోనా రోగులకే కేటాయించబడింది. నగరంలో అంతగా కట్టడి చేసిన ఆవరణ ఆ రోజుల్లో మరొకటి ఉండి ఉండదు. ఏప్రిల్ 1న అక్కడే ఒక రోగి మరణించినప్పుడు వైద్యుడి మీద దాడి జరిగింది. దాడి చేసినవారు గోడ దూకి రాలేదు. మరణించినవాడి బంధువులు, వారూ అదే వ్యాధితో లోపల చేరి ఉన్నవారే. జూన్ 9న మళ్లీ అటువంటి ఘటనే జరిగింది. జూనియర్ డాక్టర్లు రోడ్డు మీదికి వచ్చారు. వారు భద్రత ఒక్కటే అడగలేదు. రోగులందరినీ ఒక్క ఆసుపత్రికే పంపకుండా ఇతర ఆసుపత్రుల్లోనూ చికిత్స ఏర్పాటు చేయమని అడిగారు. తలకు మించిన బరువు, నిద్రలేని వైద్యుడు, ఏం జరుగుతోందో చెప్పేవారు లేని బంధువు. ఈ మూడూ కలిసిన చోట కోపం రాజుకుంటుందని వారికి అనుభవం మీద తెలుసు.

2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్జీకర్ వైద్య కళాశాలలో విధి నిర్వహణలో ఉన్న యువ వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాయి. 2025 జనవరిలో కోర్టు దోషిగా నిర్ధారించినది ఒక పౌర వాలంటీరును. అంటే పోలీసులకు సహాయకుడిగా, ఆ ఆవరణలోకి అలవాటుగా వచ్చిపోయే మనిషిని. కంచే చేను మేసింది. ఇటువంటి చోట ప్రహరీని ఇంకొక మూర ఎత్తు పెంచి ఏం లాభం? ఆ ఘటన తర్వాత ఆగస్టు 20న సుప్రీంకోర్టు ఒక జాతీయ కార్యదళాన్ని నియమించింది. మన హైదరాబాద్ వైద్యులు డి. నాగేశ్వరరెడ్డి అందులో సభ్యులు. ఆ ఉత్తర్వులో కోర్టు పరిశీలించమన్న అంశాలు ఆసక్తికరంగా ఉంటాయి. కెమెరాలు, వెలుతురు, కీలక విభాగాల్లోకి ప్రవేశ నియంత్రణ ఒక వైపు. వైద్యులకు విశ్రాంతి గదులు, రాత్రివేళ వాహన వసతి మరొక వైపు. వీటితో పాటు, దుఃఖంలో, సంక్షోభంలో ఉన్న మనుషులతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ కూడా. ఈ చివరి మాట నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది.

గేటు మూసినందువల్ల జరిగే నష్టానికీ ఒక ఉదాహరణ ఉంది. 2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున కోల్‌కతాలోనే ఆమ్రి ఆసుపత్రిలో మంటలు లేచి దాదాపు 90 మంది ప్రాణాలు కోల్పోయారు. అత్యధికులు పొగకు ఊపిరాడక పోయినవారే. పక్క బస్తీ యువకులు పొగ చూసి సాయానికి పరుగెత్తి వస్తే మొదట కాపలావాళ్లు వెనక్కి పంపారని, తర్వాత వారే గోడ దాటి లోపలికి వెళ్లి రోగులను మోసుకువచ్చారని అప్పటి పత్రికలు రాశాయి. బయటివాడు అని ఆపినవాడే ఆ వేళ ఆదుకున్నవాడు. జాతీయ భవన నిర్మాణ స్మృతి అగ్నిమాపక శకటం లోపలికి వచ్చేంత వెడల్పు ద్వారం ఉండాలని, గేటు రెక్కలు ప్రహరీకి ఆనుకునేలా మడత పడాలని చెప్పడంలో అర్థం ఇదే. తెరవడం చేతకాని గేటు ఎంత బలమైనదైనా ఆసుపత్రికి పనికిరాదు.

ఈ మొత్తం చరిత్ర నుంచి వైద్యశాల ఆవరణ కట్టించేవారు గ్రహించవలసింది కొంత ఉంది. బయటి ప్రహరీ ఒక హద్దు మాత్రమే. పశువులు రాకుండా, ఆక్రమణలు కాకుండా, వచ్చేవారు నాలుగు దారుల బదులు తెలిసిన రెండు దారుల్లో వచ్చేలా చూడడం దాని పని. దాని మీద గాజు పెంకులు గుచ్చి, ముళ్లతీగ చుట్టలు వేసి జైలు రూపం ఇచ్చినంత మాత్రాన లోపలి మనిషికి రక్షణ పెరగదు. నిజమైన నియంత్రణ లోపల ఉండాలి. ప్రసూతి వార్డుకు ఒక తలుపు, ఆపరేషన్ గదులకు ఒక తలుపు, ఐసీయూకు ఒక తలుపు, రాత్రి విధుల్లో ఉన్న వైద్యురాలు లోపలి నుంచి గడియ వేసుకోగల గదికి ఒక తలుపు. అత్యవసర విభాగపు దారికి మాత్రం ఎన్నడూ అడ్డుకర్ర ఉండకూడదు. రోగి వెంట వచ్చినవారికి కప్పు, నీళ్లు, కూర్చోవడానికి చోటు, వీటన్నిటికంటే ముఖ్యంగా ప్రతి పూటా ఒక మనిషి వచ్చి రోగి పరిస్థితి చెప్పే ఏర్పాటు కావాలి. గాంధీ ముందు ఇప్పుడు మెట్రో స్టేషన్ ఉంది. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా ఆ మార్గం ప్రారంభమయ్యాక, పాత రోజుల్లో రైలు దిగి రోడ్డు దాటినట్లే జనం మళ్లీ బండి దిగి నేరుగా ఆసుపత్రి గేటుకు నడిచి వస్తున్నారు.

అలా వచ్చేవారికి గేటు దగ్గర ఎదురయ్యే మొదటి మనిషి వైద్యుడు కాదు, కాపలాదారు. సాధారణంగా కాంట్రాక్టు మీద, తక్కువ జీతానికి, పన్నెండు గంటలు నిలబడే మనిషి. వచ్చినవాడు రోగా, బంధువా, దొంగా, దారి తప్పినవాడా అన్న తీర్పు క్షణంలో ఇవ్వవలసింది అతడే. ఆ తీర్పు ఎలా ఇవ్వాలో అతడికి మనం ఏమీ నేర్పలేదు. కెమెరాలకు, అడ్డుకర్రలకు, ముళ్లతీగకు పెట్టే డబ్బులో కొంత భాగం అతడి శిక్షణకు, అతడి జీతానికి పెట్టగలిగితే, ఒకప్పుడు జైలు ఉన్న నేల మీద ఆసుపత్రి కట్టిన పని పూర్తవుతుంది.